నలభయ్యో వరుస

ఫోను పెట్టేసి షాపు యజమాని జమీర్ కుర్చీలోంచి ఒక్క ఊపున లేచాడు. "విమలమ్మా, పనొచ్చింది! చాపాడు మండలం పంచాయతీల ఓటర్ల జాబితాలు మొత్తం మనకే. సాయంత్రం ఆరుకి ఇచ్చెయ్యల్ల!"

నాలుగో కంప్యూటరు ముందు వంగి ఉన్న విమల నవ్వింది గానీ పెన్సిలు ఆపలేదు. రోజూ పొద్దున నోటుబుక్కు పట్టుకుని ఒక్కో మిషన్లో కాగితం కొలత, అంచులు, ప్రింటరు, తేదీ ఒకేలా ఉన్నాయో లేదో చూసుకుంటుంది. ఏడేళ్లుగా ఇదే. ఆ పనికి పేరు లేదు. ఎవరడిగినా టైపిస్టునని చెబుతుంది. పెళ్లై ఇరవై రోజులే. కొత్త గాజులు మీటల మీద గలగలమంటుంటే ముచ్చటేసి, అవసరం లేకున్నా ఇంకో మీట నొక్కుతుంది.

ప్రొద్దుటూరులోని ఆ టైపింగు, ప్రింటింగు షాపులో పన్నెండు మిషన్లున్నా ఆమె చెయ్యి పడేవి ఆరే. కిందటి ఎన్నికలప్పుడు కరపత్రాల కోసం వచ్చిన రెండు పార్టీలవాళ్లు ఒకే బల్ల దగ్గర చొక్కాలు పట్టుకున్నారు. ఆ తర్వాత జమీర్ మధ్యలో చెక్కగోడ పెట్టించాడు. ముందుగది ఒక పార్టీది, లోగది ఇంకో పార్టీది. లోగదిలో ఆ పార్టీవాళ్లే తమ మనిషి ఓబులేసును కూర్చోబెట్టారు. అక్కడి మిషన్లు ఇంకెవరూ ముట్టకూడదు.

మధ్యాహ్నం, భర్త తిమోతి కట్టిచ్చిన చిత్రాన్నం తింటూ విమల లోగదిలో ఓబులేసు అచ్చేసి పంపిన సగం జాబితాలు తిరగేసింది. ముందుగది కాగితాల్లో పేజీకి నలభై పేర్లు. వీటిలో ముప్ఫైతొమ్మిదే. ముద్ద చేతిలోనే ఆగింది. లోగది మిషన్లలో కరపత్రాల పొడుగు కాగితం కొలతే ఉండిపోయింది. ఈ కాగితం మీద అడుగు వరుస పడడం లేదు.

"పేజీకి ఒక మనిషి పోతాండాడన్నా."

జమీర్ ముఖం పాలిపోయింది. "వాళ్ల ఓట్లు వీళ్లు లేపేసినారంటారు. ఊర్లల్లో తలకాయలు పగుల్తాయి. మన షాపు మిగల్దు."

ఓబులేసు లోగది గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. "మా మిషన్లు ముట్టేదానికి నువ్వెవురు?"

"మిషన్‌కి పార్టీ ఏందప్పా?" విమల టైపుకని వచ్చిన అసలు చేతిరాత జాబితా అతని ముందు పెట్టింది. "నలభయ్యో పేరు చదువు."

"పీరాంబీ..." అతని గొంతు తగ్గింది. "మా పక్కింటి అవ్వ."

"ఓటుకు పోతే, నీ పేరు లేదు పో అంటారు. ఆ మాట ఆమెకు నువ్వు చెప్తావా?"

ఓబులేసు పక్కకు జరిగాడు.

"టైము లేదు, ఆ ఆరే దిద్దు పాపా," అన్నాడు జమీర్.

"పన్నెండూ చూస్తా. ఒక్కటి తేడా ఉన్నా మళ్లా ఇదే గతి."

విమల చీర కొంగు నడుముకు చెక్కుకుంది. ఓబులేసు నోటుబుక్కు చదువుతుంటే ఒక్కో మిషనూ దిద్దుకుంటూ పోయింది.

"కొత్త పెండ్లికూతురివి, ఇంత మొండిదానివి! తిమోతి ఎట్ల యేగుతాండాడో," అన్నాడు ఓబులేసు.

"ఆయప్పకు అలవాటైతాంది లే!"

లోగది జాబితాలన్నీ మళ్లీ అచ్చయ్యాయి. విమల ప్రతి పేజీ అడుగునా నలభయ్యో పేరు మీద వేలు పెట్టి చూసింది. ఆరుకు పది నిమిషాలుందనగా కట్టలు ఆటో ఎక్కాయి.

అప్పుడే ఓబులేసుకు తన పార్టీవాళ్ల నుంచి ఫోనొచ్చింది. రెండుసార్లు "సరేన్నా" అని పెట్టేశాడు. "ఆయమ్మను యెందుకు ముట్టనిస్తివి అంటాండారు. రేపట్నించి రావొద్దంట," అంటూ చెప్పులేసుకున్నాడు. విమల ఏదో అనబోయేసరికే మెట్లు దిగిపోయాడు.

విమల వెళ్లి చెక్కగోడను వేళ్లతో తట్టింది.

"రేపు పొద్దున్నే వడ్రంగిని పిలిపీ అన్నా," అంది విమల. "ఈ గోడ తీపిచ్చేద్దాం. నేను ఆరింటికే వస్తా."

"వాళ్లు ఊరుకుంటారా?"

"ఊరుకోకుంటే నాతో మాట్లాడమను."

జమీర్ ఒక్కో లైటూ ఆర్పుకుంటూ వచ్చాడు. లోగదిలో ఓబులేసు కుర్చీ వీపు మీద పార్టీ కండువా నీటుగా మడిచి ఉంది.