కునికిన జల్లెడ

ఆసుపత్రి లైబ్రరీలో పనిచేసే ఆమెను అందరూ జల్లెడమ్మ అంటారు. పుట్టెడు పేపర్లు పోసినా పనికొచ్చేవి ఏరి పెడుతుందని పేరు. ఈసారి మూడువేల పరిశోధన పేపర్లు పోసింది స్వయానా వదిన, పసిపిల్లల డాక్టరు. స్కానింగ్ ముందు పసివాళ్ళకు వేసే నిద్రమందు చుక్కలు మంచివో కావో సోమవారం కమిటీకి తేల్చి చెప్పాలి.

ముందు ఏ సాఫ్ట్‌వేర్‌తో ఏరాలో తేలాలి. ఒకటి మనం వంద పేపర్లకు అవును, కాదు అని చెబితే మన తీరు నేర్చుకుని మిగతావి తానే పనికొచ్చేవి పైన ఉండేలా వరసపెడుతుంది. రెండోది తాబేలు. ఇద్దరు మనుషులు వేరువేరుగా అన్నీ చూడాలి, ఒకరి జవాబు ఒకరికి కనబడదు.

"ఆలస్యం అమృతం విషం. మొదటిదే కానీ," అంది వదిన.

"నిదానమే ప్రధానం అని కూడా అన్నారు వదినా!"

"అయితే పరీక్ష పెడదాం." తప్పక ఉండాలని తోటి డాక్టర్లు పేర్లు రాసిచ్చిన పది పేపర్లు వదిన తాను ఇంకా చదవకుండానే కుప్పలో కలిపేసింది. అవేవో చెప్పలేదు.

భోజనాలయ్యాయి. కిటికీ మీద సన్నగా వాన. తెర మీద అక్షరాలు మెల్లగా ఈదుతున్నాయి. ఒక్కో శీర్షిక కింద ఒక్కో పసివాడు బొటనవేలు నోట్లో పెట్టుకుని పడుకున్నట్టే ఉంది జల్లెడమ్మకు. లేపడం ఇష్టంలేక అవును, కాదు, కాదు అంటూ తేలిపోయింది. వందా పూర్తయ్యాయి.

సాఫ్ట్‌వేర్ చిటికెలో వరస పెట్టింది. వదిన వెతికింది. తొమ్మిది పైనే ఉన్నాయి. పదోది అట్టడుగున దొరికింది. ఏదో చిన్న ఆసుపత్రి వార్డు నుంచి వైద్య పత్రికకు రాసిన ఒక పేజీ ఉత్తరం. చుక్కలు వేశాక నలుగురు పిల్లలు ఎంత లేపినా లేవలేదట.

జల్లెడమ్మ తన జవాబులు వెనక్కి తిప్పి చూసుకుంది. భోజనం తర్వాత వచ్చిన ఒక పేజీ ఉత్తరాలన్నిటినీ తెరవకుండానే కాదనేసింది. గురువు కునికితే శిష్యుడు గుర్రుపెట్టాడు. సిగ్గుతో, భయంతో ఆమెకు ఏడుపొచ్చింది.

వదిన తిట్టలేదు. ఫోన్ తీసింది. "కమిటీ రెండు వారాలు ఆగాలి. మా వార్డులో ఆ చుక్కలు ఈ పూట నుంచే ఆపండి. అవును, నా పేరు మీదే రాయండి."

తర్వాత రెండో సాఫ్ట్‌వేర్ తెరిచి, జల్లెడమ్మ వైపు వీపు పెట్టి కూర్చుంది.

"నేను మళ్ళీ కునికితే వదినా?"

"నేనున్నానుగా. నేను కునికితే నువ్వున్నావు. మొదలుపెట్టు."