తప్పంతా తూటాదే

కిందటి ఏడాది సెప్టెంబరులో ఎవర్ట్ కాల్చిన దుప్పి చావకుండా పారిపోయింది. తప్పు ఎవరిదో తేల్చడానికి ఎవర్ట్‌కు ఎక్కువసేపు పట్టలేదు. ఇంటికొచ్చి బూట్లు విప్పేలోపే తేల్చేశాడు. తప్పు తూటాది. సన్నటి గుండు, విపరీతమైన వేగం. అంత వేగంగా పోయే గుండు ఎముకకు తగిలితే చిట్లిపోక ఏం చేస్తుంది? పాపం, కాల్చినవాడు మాత్రం ఏం చేస్తాడు?

లోంగ్‌మీరన్ అనే ఆ చలిసీమ అడవుల్లో దుప్పి అంటే గుర్రాన్ని మించిన జంతువు. నాలుగైదు క్వింటాళ్ళు తూగుతుంది. దెబ్బ తిన్న ఆ దుప్పి ఇంకెక్కడా చోటు లేనట్టు సరిగ్గా పొరుగు వేటజట్టు అడవిలోకి దూరింది. అక్కడ అడుగు పెట్టాలంటే ఫోను చేసి అనుమతి అడగాలి. ఆ ఫోను చేయాల్సింది ఎవర్ట్ వాళ్ళ జట్టు పెద్ద గున్వోర్. అరవై ఎనిమిదేళ్ళ ఆవిడ ఆ పొరుగు జట్టు మనుషులతో పదేళ్ళుగా మాటలు మానేసింది. ఆ రోజు మాట్లాడింది. పళ్ళు కొరుక్కుంటూ "దయచేసి" అని కూడా అంది.

కుక్క రెండు రోజులు వెతికింది. రెండో రోజు సాయంత్రం బురదనేలలో దుప్పి దొరికేసరికి దానికి ఇంకా ప్రాణం ఉంది. ఎవర్ట్ బావమరిది రూనె దాని బాధ తీర్చాడు. ఆ తర్వాత వారం రోజులు ఎవర్ట్‌కు ముద్ద దిగలేదు. ఆ జంతువు తనవైపు చూసిన చూపు పదేపదే గుర్తొచ్చేది. అలా గుర్తొచ్చిన ప్రతిసారీ తూటాను ఇంకాస్త గట్టిగా తిట్టుకునేవాడు.

"ఇదిగో ఎవర్ట్, ఇంకొక్కసారి ఇలా జరిగిందంటే నీకు మాటు లేదు. గుడిసెలో కూర్చుని సూప్ కలుపుకుంటావు. అర్థమైందా?" అంది గున్వోర్ అందరి ముందూ.

"అర్థమైందక్కా" అన్నాడు ఎవర్ట్, మొహం కందగడ్డలా పెట్టుకుని.

లోంగ్‌మీరన్‌లో మనిషికి ఉద్యోగం పోవచ్చు, పెళ్ళి పెటాకులు కావచ్చు. మాటు మాత్రం పోకూడదు. తుపాకీతో కూర్చునే ఆ చెక్కపీట పోయినవాణ్ణి ఊళ్ళో అందరూ చాలా మర్యాదగా పలకరిస్తారు. అంతకు మించిన అవమానం అక్కడ ఇంకోటి లేదు. ఎవర్ట్ ముప్ఫై నాలుగేళ్ళుగా మాటులో కూర్చుంటున్నాడు.

అందుకని ఆ చలికాలమంతా పరిశోధనలో మునిగాడు. వంటింటి బల్ల నిండా కాగితాలు పరిచాడు. గుండు బరువు, వెడల్పు, వేగం, ఎముకను విరిచే బలం, వంద మీటర్ల దగ్గర ఎంత, నూట యాభై దగ్గర ఎంత, ఒకటే లెక్కలు. నిన్నటిదాకా సన్నగుండు పార్టీలో ఉన్న మనిషి రాత్రికి రాత్రి లావుగుండు పార్టీలోకి ఫిరాయించాడు. పార్టీ మారినవాడికి ఉండే ఉత్సాహం సంగతి తెలిసిందే కదా.

"లావుగా ఉండాలి, నిదానంగా పోవాలి. గుండన్నాక పరుగులు పెట్టకూడదు మైలిస్, నడుచుకుంటూ వెళ్ళి పని చక్కబెట్టాలి" అని భార్యకు బోధించాడు.

"అచ్చం మా నాన్నలాగా" అంది మైలిస్, అల్లుతున్న మేజోడు మీంచి తలెత్తకుండా.

రూనె వచ్చి ఆ కాగితాలు చూసి నోరెళ్ళబెట్టాడు.

"బావా, జట్టులో పదకొండు మందిమి. పదిమంది దగ్గరా తొమ్మిది-మూడే ఉంది. తొమ్మిది పాయింట్ మూడు మిల్లీమీటర్ల గొట్టం, బరువైన గుండు, మధ్యరకం వేగం. మా తాతా దాంతోనే కొట్టాడు, నేనూ దాంతోనే కొడుతున్నా. ఇంకా ఏం ఆలోచిస్తావు?"

"పదిమందీ కొన్నారని నేనూ కొనాలా? లెక్క కుదరాలి కదా!"

"దుప్పి నీ లెక్కలు చూశాక పడుతుందా బావా?"

ఎవర్ట్ అలాంటి చవకబారు మాటలు పట్టించుకోలేదు. ఒక్కో తూటాను పెళ్ళికొడుకును వెతికినట్టు వెతికి వంకలు పెట్టాడు. ఒకటి ఏనుగుల కోసం పుట్టింది. లోంగ్‌మీరన్‌లో ఏనుగులు కాస్త తక్కువ. ఇంకోటి అమెరికాలో గుర్రపు బళ్ళ కాలం నాటిది. దాని గుండు రెండొందల మీటర్లు పోయేసరికి అలిసిపోయి నేల మీద కూర్చుంటుంది. చివరికి ఏప్రిల్లో ముహూర్తం కుదిరింది. అమెరికా వాళ్ళదే, థర్టీఫైవ్ అనేది. గొట్టం తొమ్మిది మిల్లీమీటర్ల పైచిలుకు. ఊళ్ళో అందరూ వాడే తొమ్మిది-మూడుకూ దీనికీ తేడా మిల్లీమీటరులో అయిదో వంతు. ఆ అయిదో వంతు కోసం మనవాడు ఏడు నెలలు తపస్సు చేశాడు.

ఆ తపస్సులో ఒక్కటే చిన్న ఇబ్బంది. అంకెలు కనబడేవి కావు. ముందు బల్బు మార్చాడు. తర్వాత దీపమే మార్చాడు. ఆ తర్వాత అచ్చువేసేవాళ్ళు సిరా పొదుపు చేస్తున్నారని తిట్టాడు. కుడికన్ను ముందు పాలు ఒలికినట్టు ఎప్పుడూ ఒక మసక. ఎదురొచ్చే కార్ల దీపాలు పువ్వుల్లా విచ్చుకునేవి.

"కళ్ళు చూపించుకోవయ్యా" అనేది మైలిస్.

"కళ్ళకేం మాయరోగం? అచ్చు దరిద్రంగా ఉంది" అనేవాడు.

అతనికి తెలియదా అంటే తెలుసు. కంటి డాక్టరు దగ్గరికి వెళితే ఆయన కాగితం మీద రాసి ఇస్తాడు. రాసి ఇచ్చాక మాటు పోతుంది. తూటా అయితే ఏమీ రాసి ఇవ్వదు, ఎన్ని తిట్టినా పడి ఉంటుంది.

ఆగస్టులో ఊరి మైదానంలో గురి పరీక్ష పెట్టారు. పట్టాల మీద కదిలే చెక్కదుప్పిని కొట్టాలి. ముప్ఫై ఏళ్ళుగా అదే చెక్క, అదే వేగం, ఎడమ నుంచి కుడికి. గంట మోగాక మూడు లెక్కపెట్టి కాలిస్తే కళ్ళకు గంతలు కట్టినా తగులుతుంది. ఎవర్ట్ నాలుగు గుండ్లూ గుండె మీదే దించాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

"చూశారా తూటా అంటే ఎలా ఉండాలో!" అన్నాడు ఎవర్ట్, గాల్లో తేలిపోతూ.

గున్వోర్ అతని మొహంలోకి ఒకసారి చూసి, కాగితం మీద సంతకం పెట్టింది.

సెప్టెంబరు మొదటి సోమవారం వేట మొదలైంది. తెల్లవారకముందే గుడిసెలో ఎవరు ఏ మాటులో కూర్చోవాలో చీటీలు తీశారు. అక్కడి అలవాటు ప్రకారం కాఫీలో జున్నుముక్కలు వేసుకుంటున్న జనానికి గున్వోర్ ప్రతి ఏడూ చెప్పేదే మళ్ళీ చెప్పింది.

"ముందు దూడను కొట్టాలి, తర్వాతే తల్లిని. పక్కన దూడ ఉందో లేదో తేలకపోతే వేలు ట్రిగ్గర్ మీదికి పోకూడదు. తల్లిని కొట్టి దూడను అనాథ చేసినవాడు మళ్ళీ ఈ గుడిసె గడప తొక్కడు."

ఎవర్ట్‌కు ఏడో నంబరు చీటీ వచ్చింది. బురదనేల అంచున ఉండే మాటు, అన్నిట్లోకీ మంచిది.

"నక్కతోక తొక్కావు బావా" అన్నాడు రూనె.

తొమ్మిది గంటల వేళ కుక్క అరుపు దగ్గరైంది. కాసేపటికి ఆడదుప్పి చెట్లలోంచి బయటికి వచ్చి నిలబడింది. నలభై మీటర్లు. అంత దగ్గర్లో ఏ తూటా అయినా ఒకటే, ఏడు నెలల లెక్కల్లో ఒక్క అంకెతోనూ పని లేదు. ఎవర్ట్ తుపాకీ ఎత్తి దాని మీది దుర్భిణిలోంచి చూశాడు. పాలలో గోధుమరంగు మరక. దాని పక్కనే ఇంకో చిన్న మరక.

దూడా? విరిగిన చెట్టు మొద్దా?

దుర్భిణి అద్దం తుడిచాడు. కన్ను తుడిచాడు. ఎడమకన్నుతో ప్రయత్నించాడు, తుపాకీ భుజం మీద కుదరలేదు. దుప్పి మాత్రం ఫొటో తీయించుకుంటున్నట్టు కదలకుండా నిలబడింది.

"బావా, నీ వైపే వచ్చింది. కానివ్వు, కానివ్వు" అని కుక్క వెంట వస్తున్న రూనె వాకీటాకీలో గుసగుసలాడాడు.

కాల్చకపోతే అందరూ అడుగుతారు. కాల్చాక ఆ చిన్న మరక దూడ అయితే? మొద్దే అయ్యుంటుందని మనసు చెప్పింది. కిందటేడు కూడా మనసు ఇలాగే ఏదో ఒకటి చెప్పింది. ఎవర్ట్ తుపాకీ దించేశాడు. దుప్పి తాపీగా వెళ్ళిపోయింది. చిన్న మరక దాని వెంట వెళ్ళిందో, అక్కడే ఉండిపోయిందో అతనికి తెలియలేదు.

మధ్యాహ్నం గుడిసె ముందు మంట చుట్టూ అందరూ చేరారు. దారిలో ఎవర్ట్ మూడు సాకులు సిద్ధం చేసుకున్నాడు. వాటి అవసరం కూడా లేకుండా రూనె తనే ఒకటి అందించాడు.

"కొమ్మ అడ్డం వచ్చి ఉంటుంది కదూ బావా?"

"ఆ చోట కొమ్మలెక్కువే" అన్నారు ఒకరిద్దరు, చాలా మర్యాదగా.

ఆ మర్యాద ఎవర్ట్‌కు చెంపదెబ్బలా తగిలింది.

"కొమ్మా లేదు, రెమ్మా లేదు. నాకు కనబడలేదు. పక్కనున్నది దూడో మొద్దో తేల్చుకోలేకపోయాను. కిందటేడు కూడా కనబడలేదు. కనబడకుండానే కాల్చాను. తూటా తప్పేం లేదు" అన్నాడు.

గున్వోర్ సాసేజి గుచ్చిన పుల్లను మంట మీంచి తీసి పక్కన పెట్టింది.

"మైదానంలోనే అనుమానం వచ్చింది. నీ పెదాలు ఒకటీ రెండూ మూడూ అని లెక్కపెడుతున్నాయి."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"చెబితే నా కళ్ళకే శుక్లం వచ్చిందని ఊరంతా చాటేవాడివి. నీ నోటితో రావాలనుకున్నా. ఇవాళ కాల్చి ఉంటే మాత్రం నీ తుపాకీ నేనే విరిచేదాన్ని."

"మాటు పోయినట్టేనా అక్కా?"

"కన్ను బాగయ్యేదాకా సూప్ కుండ నీది. ముందెళ్ళి ఆపరేషన్ చేయించుకో. మా ఆయనకు రెండేళ్ళ కిందట చేశారు."

"ఎన్నాళ్ళు మంచం మీద ఉన్నాడు?"

"మంచమా? నేను బయట కాఫీ తాగుతున్నా. కప్పు ఖాళీ అయ్యేలోపు నడుచుకుంటూ వచ్చేశాడు. ఇరవై నిమిషాలు."

"ఇరవై నిమిషాలా?" అన్నాడు ఎవర్ట్.

"ఇరవై నిమిషాలే."

ఇరవై నిమిషాల పనికి తను ఏడాది దాక్కున్నాడు, ఆ దుప్పి రెండు రోజులు నరకం పడింది. ఎవర్ట్ టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకుని, పదిమంది ముందు, సిగ్గు లేకుండా వెక్కివెక్కి ఏడ్చాడు.