చల్లటివాళ్ళు

మా అన్నయ్య తాళాలు బాగుచేస్తాడు. తాళంచెవి పోగొట్టుకున్నవాళ్ళ తలుపులు తెరుస్తాడు, కొత్త తలుపులకు తాళాలు బిగిస్తాడు. నోటికి కూడా ఒకటి బిగించుకుని, దాని చెవి ఎక్కడో పారేసుకున్నాడని మా అమ్మ అనేది. అలాంటి మనిషి ఒకరోజు తెల్లారీ తెల్లారకముందే నాకు ఫోన్ చేసి, "చెల్లాయ్, బాగున్నావా? తిన్నావా?" అన్నాడు.

దిగ్గున లేచి కూర్చున్నాను. ఆ వేళప్పుడు ఫోన్ మోగితే ఎవరికో ఏదో అయిందనే కదా అనుకుంటాం! పైగా మా ఇద్దరికీ మాటలు లేక ఏళ్ళయింది. అమ్మ పోయాక ఆవిడ కుట్టుమిషన్ని, నాతో మాటమాత్రం అనకుండా, పాత ఇనుము కొనేవాడికి ఇచ్చేశాడు. అదేమిటని అడిగితే "తుప్పు పట్టింది కదా" అన్నాడు. నేను కుట్టు నేర్చుకున్నదే ఆ మిషన్ మీద. ఇవాళ నా దుకాణం నడుస్తోందంటే దాని చలవే. "తుప్పు పట్టింది మిషన్‌కి కాదు, నీ బుర్రకి" అని ఆ గుమ్మంలోనే నిలబడి నాలుగు వీధులకూ వినబడేలా అరిచి వచ్చేశాను. అప్పట్నుంచీ ఎవరి గడప వాళ్ళదే.

"ఎవరికేమైంది?" అన్నాను.

"ఎవరికీ ఏం కాలేదు. ఊరికే చేశా. తిన్నావా?"

"ఇంకా పళ్ళే తోముకోలేదు, తినడమేంటి?"

"ఆహా" అన్నాడు. కాసేపు ఊపిరి చప్పుడు తప్ప ఏమీ లేదు. "సరే, ఉంటా మరి."

ఫోన్ వైపు చూస్తూ మంచం మీదే కూర్చుండిపోయాను. మా ఆయన సిటీ బస్సు నడుపుతాడు, పొద్దుటి డ్యూటీకి తయారవుతున్నాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటూ, "మీ అన్నయ్యకి బుద్ధన్నా వచ్చి ఉండాలి, నీతో పనన్నా పడి ఉండాలి" అన్నాడు.

మర్నాడు మళ్ళీ అదే వేళకి ఫోన్. అవే రెండు ప్రశ్నలు, అదే ఊపిరి చప్పుడు, అదే "ఉంటా మరి". ఆ మర్నాడూ అంతే. నేనూ తక్కువదాన్నేం కాదు, ముక్తసరిగా "ఆఁ", "ఊఁ" అని పెట్టేసేదాన్ని. కానీ రోజంతా బుర్ర తొలిచేసేది. అడగాల్సింది ఏదో ఉంది, మొహమాటానికి అడగలేకపోతున్నాడు అనుకున్నాను. ఇల్లు మారుతున్నాడా? ఒంట్లో బాగుండటం లేదా? ఒకరోజు తట్టుకోలేక నిలదీశాను.

"ఇంతకీ ఎందుకు చేస్తున్నావు నాకు?"

"మా పైవాడు చెప్పాడు" అన్నాడు. "పైవాణ్ణి నమ్ముకుంటే అంతా మంచే జరుగుతుంది చెల్లాయ్."

మా అన్నయ్యకి భక్తి పట్టుకుందన్నమాట! ఏనాడూ దేవుడికి దణ్ణం పెట్టి ఎరగని మనిషి. పోనీలే, ఏ దేవుడో మనసు మార్చాడు అనుకున్నాను. ఆ పూట నా మనసు కూడా కాస్త మెత్తబడిందని చెప్పాలి.

నా దుకాణం జిరాక్సు కొట్టుకీ చెప్పుల కొట్టుకీ మధ్య ఒక ఇరుకు గది. కొత్తవి కుట్టను. పొడుగైనవి పొట్టి చేస్తాను, బిగుతైనవి వదులు చేస్తాను, పోయిన జిప్పులు మారుస్తాను. ఆ వారంలోనే ఒక మధ్యాహ్నం మా వదిన వచ్చింది, చేతిలో జిప్పు ఊడిన సంచి. ఇన్నేళ్ళ తర్వాత నా గడప తొక్కడానికి ఆ జిప్పు ఒక వంక అని ఇద్దరికీ తెలుసు. స్టూలు జరిపాను. కూర్చుని, వెనకా ముందూ లేకుండా మొదలెట్టింది.

"మీ అన్నయ్యని చూస్తే నాకు భయంగా ఉందమ్మా. నెట్‌వర్క్ మార్కెటింగ్‌లో చేరాడు. టూత్‌పేస్టు."

"టూత్‌పేస్టా? దేవుడు కాదా?"

"దేవుడెవరు?"

"పైవాడు, పైవాడు అంటున్నాడు కదా!"

వదిన నెత్తి కొట్టుకుంది. ఆ వ్యాపారంలో మనల్ని చేర్చినవాడు పైవాడట, మనం చేర్చినవాళ్ళు కిందివాళ్ళట. మా అన్నయ్య పైవాడు, టై కట్టుకుని ఆదివారాలు మీటింగులు పెట్టే ఒక లీడర్ గారు. ఆయన తనవాళ్ళందరికీ దినచర్య రాసిచ్చాడు. మంచి అలవాట్లుంటే విజయం దానంతటదే వెతుక్కుంటూ వస్తుందట. సూర్యుడికంటే ముందు లేవాలి. పెద్ద గ్లాసుడు నీళ్ళు తాగాలి. అద్దంలో చూసుకుని నవ్వి "నేను సాధిస్తాను" అనాలి. ఆ తర్వాత ఒక ఫోన్ చెయ్యాలి.

"అద్దం ముందు ఎంతసేపు నవ్వుతాడో తెలుసా? పెళ్ళయిన దగ్గర్నుంచీ నన్ను చూసి అంత నవ్వు నవ్వలేదు" అంది వదిన. "నవ్వడం అయ్యాక నీకు ఫోన్. చల్లటివాళ్ళకి చెయ్యాలట. నువ్వు చల్లటివాళ్ళలో ఉన్నావట."

"అంటే?"

"నాకేం తెలుసు? నన్ను మాత్రం అందులో వెయ్యలేదు."

జిప్పు మార్చి ఇచ్చాను. చల్లటివాళ్ళేమిటో, నేను అందులో ఉండటమేమిటో అంతు పట్టలేదు. మా ఇంట్లో నా ముద్దుపేరు మిరపకాయ. నన్ను పట్టుకుని చల్లటిదంటే మా ఆయన కూడా నవ్వుతాడు, అదీ నేను పక్కన లేకుండా చూసి.

సాయంత్రం బ్యాంకులో పనిచేసే ఒకమ్మాయి ప్యాంటు పొట్టి చేయించుకోవడానికి వచ్చింది. మాటల్లో ఈ సంగతి ఎత్తితే, "నేను కూడా ఆ లైన్లో కొన్నాళ్ళు ఉన్నాను టైలరక్కా" అంది. "జనాలందరినీ రెండు రకాలుగా విడగొడతారు. వెచ్చటివాళ్ళంటే సొంతవాళ్ళు, అన్నదమ్ములు, స్నేహితులు. చల్లటివాళ్ళంటే ముక్కూ మొహం తెలియనివాళ్ళు. వాళ్ళని రోజూ బాగున్నారా, తిన్నారా అని పలకరించి మచ్చిక చేసుకోవాలి. మచ్చికయ్యాక వస్తువు అంటగట్టాలి. ఇంగ్లీషు మాటల్ని తెలుగులోకి దించారులే."

ఆ అమ్మాయి వెళ్ళాక చూసుకుంటే ప్యాంటులో ఒకే కాలిని రెండుసార్లు పొట్టి చేశాను.

తోడబుట్టినదాన్ని ముక్కూ మొహం తెలియనివాళ్ళలో కలిపేశాడు! తిట్టుకున్నాం, సరే. మాట్లాడుకోలేదు, సరే. అయినా ఒక గుమ్మంలో ఆడుకున్నవాళ్ళం. నాకు ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. ఏది ముందు వచ్చిందో తెలియలేదు. దానికి తోడు ఇంకో చిక్కు. ఈమధ్య ఫోన్ మోగకముందే నాకు మెలకువ వచ్చేస్తోంది. కళ్ళు మూసుకునే చెయ్యి దిండు కిందికి పోతోంది. ఫోన్ చెయ్యడం అన్నయ్యకి అలవాటైతే, ఎదురుచూడటం నాకు అలవాటైంది. టూత్‌పేస్టు అమ్మడానికి చేసే ఫోన్ అని తెలిసి కూడా అది మోగాలని కోరుకునేదాన్ని ఏమనాలి? పోనీ ఆ టూత్‌పేస్టన్నా అమ్మేస్తాడా అంటే, అదీ లేదు. "పళ్ళే తోముకోలేదు" అని నేనే రోజూ దారి చూపిస్తున్నాను. అయినా ఒక్కరోజు కూడా ట్యూబు సంగతి ఎత్తలేదు. ఈ మనిషి నన్ను మోసం చేస్తున్నాడో, ఆ వ్యాపారాన్ని మోసం చేస్తున్నాడో నాకు అర్థం కాలేదు.

మర్నాడు ఫోన్ ఎత్తగానే అడిగేశాను.

"నేను ఎలాంటిదాన్ని? వెచ్చటిదాన్నా, చల్లటిదాన్నా?"

"నువ్వా?" అన్నాడు హుషారుగా. "చల్లటిదానివే. అందులో అనుమానమేంటి?"

ఫోన్ పెట్టేశాను. మళ్ళీ మోగింది, ఎత్తలేదు. ఆ రోజంతా దుకాణంలో ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. ఆదివారం మీటింగులో మీ అన్నయ్యని స్టేజీ ఎక్కిస్తారట, అలవాట్లు ఒక్కరోజూ తప్పనివాళ్ళలో తనే మొదటివాడట, నువ్వూ రా అని సాయంత్రం వదిన కబురు పెట్టింది. వస్తానన్నాను. అందరి ముందూ కడిగేద్దామనే వెళ్ళాను.

ఒక ట్యూషన్ సెంటరు మేడ మీద హాలు. నల్లబల్ల మీద లెక్కలు ఇంకా చెరపలేదు. ప్లాస్టిక్ కుర్చీల నిండా జనం, అందరి మొహాల్లోనూ అద్దం ముందు నేర్చుకున్న నవ్వు. నేనూ వదినా చివరి వరసలో కూర్చున్నాం. లీడర్ గారు మైకు పుచ్చుకుని, మనిషిని అలవాటే గెలిపిస్తుందని చాలాసేపు చెప్పి, మా అన్నయ్యని పిలిచాడు. ఇస్త్రీ మడతలు కనబడే కొత్త చొక్కాలో అన్నయ్య స్టేజీ ఎక్కాడు. కొంచెం చిక్కాడు. నన్ను చూడలేదు.

"ఈయన ఒక్కరోజు కూడా తప్పకుండా చల్లటివాళ్ళకి ఫోన్ చేశారు. చప్పట్లు!" అన్నాడు లీడర్. "చెప్పండి సార్, ఎంతమందికి చేశారు?"

"ఒక్కరికేనండి" అన్నాడు అన్నయ్య. "మా చెల్లాయికి."

చప్పట్లు మధ్యలో ఆగిపోయాయి. లీడర్ నవ్వు చెరగనివ్వకుండా, "చెల్లెలు చల్లటివాళ్ళలోకి రాదు కదండీ" అన్నాడు.

"ఎందుకు రాదండీ?" అన్నాడు అన్నయ్య. నిజంగానే తెలియక అడిగాడు. "పొద్దున్నే చల్లటివాళ్ళతో మాట్లాడితే రోజంతా బాగుంటుందని మీరే చెప్పారు కదా! నాకు తెలిసినవాళ్ళందరూ వేడివాళ్ళేనండి. మా ఆవిడ వేడి. మా ఇంటి ఓనరు వేడి. చల్లటి మనిషంటే ఎవరా అని ఆలోచించాను. మా చెల్లెలి నోరు మిరపకాయండి, అది వేరే సంగతి. చెయ్యి మాత్రం చల్లటిది. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే, దానిది చల్లటి చెయ్యిరా, నుదుటి మీద పెట్టించుకో అనేది మా అమ్మ. అది పెట్టేది. బడి ఎగ్గొట్టడానికే పడుకున్నావని తిట్టేది కూడా. తిడుతూనే నేను నిద్రపోయేదాకా చెయ్యి తియ్యకుండా కూర్చునేది. పొద్దున్నే దాని గొంతు వింటే నాకు బాగుంటోందండి. తాళాలు కూడా తొందరగా తెరుచుకుంటున్నాయి."

హాలంతా గొల్లుమంది. పక్కన వదిన, "నేను వేడా? ఇంటికి రానీ, చెబుతా" అని గొణుగుతోంది. నాకు మాత్రం కళ్ళు మసకలు కమ్మాయి. కడిగేద్దామని వచ్చిన సంగతే మర్చిపోయాను. ఒళ్ళో ఉన్న నా చేతుల్ని చూసుకున్నాను. సూదిపోట్లతో మొద్దుబారిన వేళ్ళు. అవి చల్లగా ఉన్నాయో వెచ్చగా ఉన్నాయో నాకే తెలియదు.

లీడర్ గారు ఓపిగ్గా చల్లటివాళ్ళంటే ఎవరో మళ్ళీ మొదట్నుంచీ వివరించాడు. అన్నయ్య మొహం చూడలేకపోయాను. తప్పు తాళంచెవితో ఇన్నాళ్ళూ తంటాలు పడ్డానా అన్నట్టుగా ఉంది.

"అంటే నేను చేసిందంతా తప్పాండీ?"

"తప్పు కాదు సార్, వేస్టు. రేపట్నుంచి ఆ ఫోన్ కట్. తెలియనివాళ్ళకి చెయ్యండి. సరేనా?"

"సరేనండి" అన్నాడు అన్నయ్య.

అంత తేలిగ్గా ఎలా సరేనన్నాడు? మా అన్నయ్య మాటంటే మాటే, ఒకరికి సరేనన్నాడంటే ఇక అంతే సంగతులు. అలవాటులో పొరపాటుగా దొరికిన అన్నయ్య, ఆ పొరపాటు దిద్దగానే పోతున్నాడు. వదినకి కూడా చెప్పకుండా మెట్లు దిగి వచ్చేశాను. దారంతా నవ్వొచ్చింది, ఏడుపొచ్చింది, పక్కన నడిచేవాళ్ళు వింతగా చూశారు. అమ్మ మిషన్ సంగతి మాత్రం నేను మర్చిపోలేదు. ఆ కోపాన్ని దాని చోట ఉంచి, ఈ ఫోన్ ఒక్కటీ నాకు ఉంటే బాగుండుననిపించింది.

మర్నాడు పొద్దున్నే మెలకువ వచ్చింది. అలవాటు కదా! ఫోన్‌ని దిండు కింద కాకుండా అలమారలో పెట్టి పడుకున్నాను, మోగకపోతే తెలియకూడదని. అది పిచ్చి తెలివి అని మా ఆయన అన్నాడు. డ్యూటీకి వెళ్ళిపోయాడు. వీధిలో పాల బండి వచ్చి వెళ్ళింది. నేను గోడవైపు తిరిగి పడుకున్నాను.

అలమారలో ఫోన్ మోగింది. నేను వెళ్ళేలోపు ఆగిపోతుందేమోనని కాలికి మంచం కోడు కొట్టుకున్నా లెక్కచెయ్యలేదు.

"చెల్లాయ్."

"ఊఁ."

"ఇవాళ్టినుంచి నీకు ఫోన్ చెయ్యకూడదట."

"మరి ఎందుకు చేశావు?"

"ఆ సంగతి చెప్పాలి కదా! చెప్పకుండా మానేస్తే నువ్వు ఎదురుచూస్తావు."

ఎదురుచూస్తున్నానని నేను ఏనాడూ అనలేదు. నేను అన్నవి "ఆఁ", "ఊఁ", అంతే.

"తిన్నావా?" అన్నాడు.

"ఇంకా పళ్ళే తోముకోలేదు."

"ఆహా. సరే, ఉంటా మరి."

"అన్నయ్యా" అన్నాను. ఆ పిలుపు నా నోటి నుంచి వచ్చి ఎన్నేళ్ళయిందో! "నాకు మతిమరుపు ఎక్కువైంది. ఫోన్ చెయ్యవన్న సంగతి రేపటికి మర్చిపోతానేమో. రేపు కూడా ఒకసారి చెప్పు."

అవతల మా అన్నయ్య చాలాసేపు ఆలోచించాడు.

"అలాగేలే" అన్నాడు. "ఇదే టైముకా?"