వియ్యాలవారింటి గ్రాఫిక్స్ కార్డు

నేను ఒక గ్రాఫిక్స్ కార్డును. కిశోర్ పాత పెయింటు బ్రష్షుతో నా ఫ్యాను రెక్కల సందుల్లో దుమ్ము దులుపుతున్నాడు. ఏలూరులో వాళ్ళ ఇంటి ముందు గదే అతని కంప్యూటర్ రిపేరు షాపు. రోడ్డు పక్కనే కావడంతో రోజూ పొద్దున్నే తలుపులు తీయగానే అరల మీది సామాన్లన్నీ ఒకసారి దులపాల్సిందే. మిగతావాటిని చకచకా దులిపేస్తాడు. నా దగ్గరికి వచ్చేసరికి చెయ్యి నెమ్మదిస్తుంది. నా వెనక పలక మీద ఒకచోట కమిలిన మచ్చ ఉంది. బ్రష్షు అక్కడికి రాగానే ఒక్క క్షణం ఆగి, మచ్చ గోడవైపు ఉండేలా నన్ను తిప్పి పెడతాడు.

ఆ మచ్చ కథ చెప్పాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

సముద్రాల అవతల ఎక్కడో, తల వెంట్రుక కూడా బయటికి కనపడకుండా టోపీలు పెట్టుకున్న మనుషులు నన్ను తయారుచేశారు. కంప్యూటరు తెర మీద బొమ్మ కదలాలంటే లోపల బోలెడు లెక్క జరగాలి. ఆ లెక్క చేసేదాన్ని నేను. చేసేకొద్దీ ఒళ్ళు వేడెక్కుతుంది కాబట్టి ఆ వేడిని ఊదెయ్యడానికి రెండు ఫ్యాన్లు పెట్టారు. నన్ను ఉంచిన అట్టపెట్టె మీద కత్తి దూసిన వీరుడి బొమ్మ ఉండేది. అది చూసి నేను యుద్ధాల కోసమే పుట్టాననుకున్నాను.

తీరా నన్ను కొన్నది భీమవరంలో పెళ్ళి వీడియోలు తీసే స్టూడియో ఆయన. పెళ్ళికూతురి మీద గులాబీ రేకులు కురిపించడం, పెళ్ళికొడుకును మబ్బుల్లో తేలించడం, అత్తగారిని తామరపువ్వులోంచి పుట్టించడం నా ఉద్యోగం. పెళ్ళి పందిట్లో ఒకరి మొహం ఒకరు తిన్నగా చూసుకోని మనుషులు, వీడియోలో మాత్రం అందరి మొహాలూ వెలిగిపోవాలంటారు. పిల్ల రంగు కాస్త పెంచమని ఒకరు వస్తారు. అలిగి కూర్చున్న మేనమామను బొమ్మలోంచి తీసెయ్యమని ఇంకొకరు వస్తారు. అన్నీ చేశాను. స్టూడియో రేకుల షెడ్డులో ఉండేది. ఒక మాఘమాసం, ముహూర్తాల తొక్కిడిలో, సరిగ్గా తాళి కట్టే ఘట్టం దగ్గర తెరంతా గీతలు గీతలుగా చీలి నల్లబడిపోయింది. "దీని పనైపోయింది" అంటూ స్టూడియో ఆయన నన్ను ఊడదీసి, పాత సామాన్లతో కలిపి కిశోర్‌కు ఇచ్చేశాడు.

కిశోర్ వేడిగాలి ఊదే గన్ను నా మీద పట్టాడు. నా వెనక మచ్చ అప్పుడు పడిందే. చచ్చిపోయిన కార్డును అలా కాలిస్తే, లోపల విడిపోయిన అతుకులు కరిగి మళ్ళీ అంటుకుంటాయి. బొమ్మ వస్తుంది. అయితే అది కొన్ని వారాల ముచ్చటే. ఆ తర్వాత వేడికి అతుకులు మళ్ళీ విడిపోతాయి. ఈ పని చేసే ప్రతివాడికీ ఆ సంగతి తెలుసు. ఆ రోజు కాలిన వాసనకు కిశోర్ వదిన సరళ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చింది. "ఏం లేదు వదినా, పాతదాన్ని బాగుచేస్తున్నాను" అన్నాడు. తెర మీద బొమ్మ రాగానే అతని మొహం వెలిగి, అంతలోనే మాడిపోయింది. "పనిచేస్తోందిగా" అని తనకు తానే చెప్పుకున్నాడు. ఊళ్ళో వాళ్ళంతా ఫోన్లోనే అన్నీ కొనుక్కుంటున్నారు. అతని షాపు మెట్లు ఎక్కేవాళ్ళు తగ్గిపోయారు. అతను చెడ్డవాడని నేను అనను. కానీ ఆ రోజు నుంచి నన్ను ఎవరు కొంటారోనన్న భయం మాత్రం నా లోపల ఉండిపోయింది.

అలా మచ్చ గోడవైపు పెట్టుకుని అర మీద ఉండగా, ఒక ఆదివారం సరళ అన్నయ్య శేషగిరి, కూతురు తన్మయిని వెంటబెట్టుకుని వచ్చారు. ఆయన ఆర్టీసీలో కండక్టరు. అమలాపురం నుంచి ఏలూరు డిపోకు బదిలీ అయి, వేసవిలోనే కాపురం మార్చారు. తన్మయి ఏడో తరగతి. కొత్త స్కూల్లో ఎవరితోనూ మాట కలవలేదు. సాయంత్రం ఇంటికొచ్చి కంప్యూటరు ముందు కూర్చుని, అమలాపురంలోని ముగ్గురు స్నేహితురాళ్ళతో కలిసి ఒక ఆట ఆడేది. నలుగురు కలిసి ఒక దీవి మీద ఊరు కట్టే ఆట అది. నలుగురూ ఉంటేనే సాగుతుంది. ఈ మధ్య ఆ ఆట కొత్త రూపంలో వచ్చింది. వాళ్ళ పాత కంప్యూటరు దాన్ని మొయ్యలేకపోయింది. అమలాపురంలో వాళ్ళ క్లాసులో చేరిన కొత్తమ్మాయి ఒకతె నాలుగో చోటు తనకిమ్మని అడుగుతోందట. "దసరా సెలవులయ్యేదాకా నీ చోటు ఉంచుతామే, ఆ తర్వాత మేమేం చెయ్యలేం" అన్నారట స్నేహితురాళ్ళు.

ఇదంతా శేషగిరి గుమ్మంలో నిలబడే చెప్పారు. కార్డుల గురించి ఆయన విచారించని మనిషి లేడు. ఆయన బస్సులో ఇంజనీరింగు కాలేజీ పిల్లలు ఎక్కుతారు. టికెట్టు కొడుతూ కొడుతూ ఒక్కొక్కరినీ అడిగారట. ఒకడు ఇది మంచిదంటే, పక్కవాడు అది దండగ అన్నాడట. కొత్తవాటి ధర వినగానే ఆయన చేతిలోని టికెట్ మిషను ఆగిపోయిందట. చివరికి ఒక పిల్లాడు, "పాతది తీసుకోండంకుల్. కాకపోతే గంటసేపు ఆట ఆడించి, వేడెక్కాక కూడా ఆగకుండా ఉంటేనే తీసుకోండి" అని చెప్పాడట. పాతవి అనగానే ఆయనకు చెల్లెలి మరిది గుర్తొచ్చాడు.

"మనోళ్ళని పెట్టుకుని బయటెక్కడో కొనడం ఎందుకండీ" అన్నారు, ఎంతో ధైర్యం దొరికినట్టు.

కిశోర్ చెయ్యి అరల మీద కాసేపు తడుముకుంది. నా పక్కనున్న వాటి మీద ఆగింది. అవి చిన్నపాటి ఆటలకు కూడా చాలవు. చివరికి నన్నే తీశాడు.

అప్పుడే సరళ అత్తగారు లోపలినుంచి వచ్చారు. "ముందు భోజనాలు కానివ్వండి బాబూ. సామాను ఎక్కడికి పోద్ది? మీ చెల్లెలు మీ కోసమని కందా బచ్చలికూర చేసింది. తినకుండా వెళ్తే మాకు మర్యాదేనా?"

"ఇప్పుడెందుకండీ శ్రమ, చూసుకుని వెళ్ళిపోతాం."

"శ్రమేంటండీ, చోద్యం కాపోతే! లేవండి, లేవండి."

వాళ్ళు తిన్నారు. కొసరి కొసరి వడ్డించడం, వద్దు వద్దంటూనే విస్తరి నింపుకోవడం నాకు వినపడుతూనే ఉంది. నా అదృష్టం ఆ విస్తరిలోనే తేలిపోయిందని అప్పటికి నాకు తెలియదు.

చేతులు కడుక్కుని వచ్చాక కిశోర్ నన్ను ఒక కంప్యూటరులో బిగించి, తెర మీద ఒక కారు పరుగెత్తే బొమ్మ చూపించాడు. కారు బాగానే పరుగెత్తింది. రెండు నిమిషాలు ఎవరైనా పరుగెత్తగలరు. తన్మయి తండ్రి చొక్కా లాగింది.

"నాన్నా, గంట ఆడించి చూడాలన్నారుగా ఆ అన్నయ్యలు."

"ఊరుకోవే" అన్నారాయన గొంతు తగ్గించి. "ఇప్పుడే వాళ్ళింట్లో అన్నం తిన్నాం. చెయ్యి తడైనా ఆరలేదు. అనుమానిస్తే ఏం బాగుంటది?"

కిశోర్‌కు వినపడినట్టుంది. "కావాలంటే సాయంత్రం దాకా ఉండి చూసుకోండి బావగారూ" అన్నాడు, తెర మీదినుంచి కళ్ళు తిప్పకుండా.

"ఛ ఛ, మీరివ్వడమూ, మేం పరీక్ష చేసుకోవడమూనా! మనలో మనకి అదేంటండీ బాబూ."

చూడండి, చూడండి, ఒక్క గంట చూడండి అని నా రెండు ఫ్యాన్లూ తిరుగుతూనే ఉన్నాయి. మనుషులకు అది గాలి చప్పుడు. గుమ్మం దగ్గర నిలబడ్డ సరళకు మాత్రం ఆనాటి కాలిన వాసన గుర్తొచ్చినట్టుంది. అన్నయ్య వైపు చూసి నోరు తెరిచింది. లోపల్నుంచి అత్తగారు "అమ్మాయ్, మజ్జిగ పట్రా" అన్నారు. సరళ మజ్జిగ కోసం లోపలికి వెళ్ళిపోయింది.

అలా నేను శేషగిరి ఇంటికి వెళ్ళాను. ఆయన భార్య సుభాషిణి మిక్సీ కోసం దాచుకున్న డబ్బులే నా ధర. ఆవిడ గొణగకుండా ఇచ్చింది. నన్ను బిగించడానికి కిశోరే ఇంటికొచ్చాడు. బిగించే ముందు ఆవిడ చెంబులో పసుపునీళ్ళు తెచ్చి, "ఎవరింట్లోంచి వచ్చిందో ఏమో, నాలుగు చుక్కలు చల్లుతాను" అంది.

"అమ్మో అక్కయ్యగారూ, నీళ్ళు తగిలితే ఛస్తుంది!" అని కిశోర్ అడ్డుపడ్డాడు.

"పోనీ బొట్టన్నా పెట్టనివ్వండి" అని కంప్యూటరు డబ్బాకు కుంకుమ పెట్టి ఊరుకుంది.

ఆ సాయంత్రం తన్మయి చెవులకు హెడ్‌ఫోను తగిలించుకుని ఆట తెరవగానే, "వచ్చేసేవేంటే!" అని అమలాపురం నుంచి ముగ్గురూ ఒక్కసారే అరిచారు. తన్మయి నవ్వింది. ఆ ఇంట్లోకి వచ్చాక అంత గట్టిగా నవ్వడం అదే మొదటిసారి అని సుభాషిణి మొహం చూస్తే తెలిసింది. దీవి మీద తన్మయికి ఒక చిన్న ఇల్లు ఉంది. దాని చుట్టూ కొబ్బరిచెట్లు నాటింది. స్నేహితురాళ్ళ పడవలు వచ్చి ఆ రేవులో ఆగేవి. స్కూల్లో నోరు విప్పని పిల్ల, ఇక్కడ పడవలను తీరం చేరుస్తూ ఒకటే మాటలు.

నాకు మాత్రం రోజూ గండమే. ఆట మొదలైన కాసేపటికే ఒళ్ళు కాగిపోయేది. ఎక్కడో ఒక అతుకు చిటుక్కుమనేది. ఇవాళ కాదు, ఇవాళ కాదు అనుకుంటూ ఒక్కో చెట్టూ, ఒక్కో కెరటమూ గీసుకుంటూ వచ్చేదాన్ని. ఆట ముగించి తన్మయి కంప్యూటరు ఆపితే, ఉరి తప్పినట్టుండేది. పిల్ల నవ్వేకొద్దీ నా భయం పెరిగింది. ఇష్టం లేని పిల్ల దగ్గర పాడైపోతే ఒక ఎత్తు. ఇంత ఆశ పెట్టుకున్న పిల్ల దగ్గర పాడైపోవడం వేరు.

దసరా సెలవులు రానే వచ్చాయి. నలుగురూ కలిసి పెద్ద వంతెన కడుతున్నారు. తన్మయి చివరి దూలం అందిస్తుండగా తెర మీద ఒక పచ్చగీత వచ్చింది. తర్వాత మరికొన్ని. వంతెన, సముద్రం, పడవలు అన్నీ గళ్ళ లుంగీలా అయిపోయి, చీకటి.

"తన్మయీ, ఎక్కడున్నావే? పట్టుకో, పట్టుకో!" అని హెడ్‌ఫోనులో ఇంకా వినపడుతూనే ఉంది.

మర్నాడు శేషగిరి, కిశోర్ బిగించినప్పుడు చూసిన జ్ఞాపకంతో, నన్ను తనే ఊడదీశారు. బల్ల మీద పెట్టగానే సుభాషిణి నా వెనక మచ్చను వేలితో రుద్దింది.

"ఇది నిన్న కాలింది కాదండీ. నిన్న కాలితే మసి వేలికి అంటదూ? ఇది అక్కడే కాలింది. కిశోర్ గారికి ఫోను చెయ్యండి."

ఆయన చేశారు. కిశోర్ తల్లి మోకాళ్ళ నొప్పులు అడిగారు. వానల గురించి అడిగారు. చెల్లెల్ని పిలిపించుకుని మాట్లాడారు. "ఉంటానండి మరి" అని పెట్టేశారు.

"అడిగారా?"

ఆయన ఫోను జేబులో పెట్టుకున్నారు.

"బస్సులో ముక్కూ మొహం తెలీనోళ్ళని టికెట్టు టికెట్టు అని వెంటపడి అడుగుతారు. ఇక్కడ నోరు పెగలదేం?"

"అక్కడ చెల్లుందే. ఇవాళ నేనో మాటంటే రేపది దాని కంచంలో రాయై పడుద్ది. అయినా మన కరెంటు మాత్రం తిన్నగా ఉందా?" అన్నారాయన. నెపం వెయ్యడానికి ఇంకా ఏదో దొరకాలి. చుట్టూ చూశారు. గుమ్మంలో తన్మయి నిలబడి ఉంది. "పొద్దస్తమానం ఆడితే ఏ వస్తువు ఆగుద్ది? కాస్త చూసుకుని ఆడుకోవాలి."

తన్మయి నా వైపు చూసింది. నేను చెప్పగలిగితే, పిల్ల చెయ్యి పడకముందే నేను కాలి ఉన్నానని చెప్పేదాన్ని. నేను కదిలించేది బొమ్మలనే, మాటలు నా పని కాదు.

సెలవులు అయిపోవచ్చాయి. కిశోర్ నుంచి ఫోను రాలేదు. ఇటునుంచి అడిగినవాళ్ళు లేరు. నేను బల్ల మీదే ఉన్నాను. ఒక మధ్యాహ్నం శేషగిరి డ్యూటీ దిగి వచ్చి, వీధి వరండాలో బూట్లు విప్పుకుంటున్నారు. తన్మయి తల్లి ఫోను పట్టుకుని నా పక్కనే కుర్చీలో కూర్చుంది. తండ్రి వచ్చింది చూసుకోలేదు.

"ప్రణవీ, ఆ కొత్తమ్మాయిని చేర్చుకోండే."

అవతల నుంచి ఏదో గట్టిగా అన్నారు.

"లేదే. ఇంకోటి కొనరు. నేనే పాడుచేసేను. చూసుకోకుండా ఎక్కువ ఆడేసేనంట." కుర్చీ బల్ల దగ్గరికి లాక్కుంది. "మా ఇల్లు తనకిచ్చెయ్యండి. కొబ్బరిచెట్లు మాత్రం కొట్టొద్దని చెప్పవే."

ఏడవలేదు. ఫోను బల్ల మీద పెట్టి, బోర్లా తిప్పి, లోపలి గదిలోకి వెళ్ళి తలుపు చేరవేసుకుంది.

వరండాలో ఒక బూటు విప్పిన చప్పుడు వినపడింది. రెండోది వినపడలేదు. చాలాసేపటికి శేషగిరి లోపలికి వచ్చారు. ఒక కాలికి బూటు ఉంది, ఒక కాలికి లేదు. బల్ల ముందు నిలబడి నన్ను చూశారు. తర్వాత మూసి ఉన్న తలుపు వైపు చూశారు. కొక్కేనికి ఉన్న తువ్వాలు తీసి నన్ను చుట్టారు. చుట్టినదాన్ని విప్పి, ఇంకా బిగించి మళ్ళీ చుట్టారు. ఈ బిగింపు అడగబోతున్న మనిషిదో, అక్కడ మళ్ళీ విస్తరి ముందు కూర్చుని అడక్కుండానే లేచి రాబోతున్న మనిషిదో నాకు అంతుపట్టలేదు.

సుభాషిణి వంటింటి గుమ్మంలోకి వచ్చింది. "అన్నం పెట్టేశాను. ఎక్కడికండీ? సరళ వాళ్ళింటికేనా?"

ఆయన వరండాలోకి వెళ్ళి విప్పిన బూటు మళ్ళీ తొడుక్కున్నారు. తాడు ముడి సరిగ్గా పడలేదు. అలాగే లేచారు. నన్ను చంకలో పెట్టుకుని, మెట్లు దిగి, సరళ వాళ్ళింటి వైపు నడిచారు.