రేపటి నీళ్లు

రువాన్ మోచెయ్యి నీళ్లలో ముంచి చూసింది. ఇంకొంచెం కాగాలి. పొయ్యిలోకి మరో పుల్ల తోసింది.

చనిపోయిన రాజుగారి సమాధి పక్కనే ఆయన పడకమందిరం. ఆయన బతికున్నట్టే, పొద్దున నగారా మోగగానే ముఖం కడుక్కోవడానికి వేన్నీళ్లు పెట్టాలి. పొద్దుగూకాక పక్క పరవాలి. జుట్టు నల్లగా ఉన్ననాటి నుంచీ రువాన్‌కి ఇదే పని.

ఆయన బతికుండగా నీళ్లిచ్చింది మాత్రం ఒక్కరోజే. అప్పుడు తను పల్లె నుంచి వచ్చిన కొత్త పిల్ల. భయంతో తడబడి, చల్లారిన నీళ్లు పట్టుకొచ్చింది. రాజుగారు వేళ్లు ముంచి నవ్వారు. "రేపు కాస్త వేడిగా తే తల్లీ" అన్నారు. ఆ రాత్రే ఆయనకు విషం పెట్టారు. గద్దెనెక్కిన తమ్ముడు అన్నకు ఈ మందిరం కట్టించి, ఆమెను సేవకు పంపాడు. ఇప్పుడు ఆ తమ్ముడి మనవణ్ణి దించి సేనాపతి రాజయ్యాడు.

ఇవాళ నగారా మోగలేదు. నగారా కొట్టే పావ్ ముసలాడే వచ్చాడు.

"ఏం తాతా, తాగి పడుకున్నావా?"

"తోలు కోసేశారే ముసలీ. పాత రాజులకి ఇంక తెల్లారదంట."

అతని వెనకే కొత్త రాజు అధికారి, పలకలూ మేకులూ మోస్తున్న మనుషులూ.

"ఎవరికమ్మా ఆ నీళ్లు?"

"మా అయ్యగారికి బాబూ."

"మందిరం మూసెయ్యమని ఆజ్ఞ. బయట బండి ఉంది, ఎక్కు."

"ఎక్కుతా. పక్క పరిచొస్తా."

"పట్టపగలు పక్కేంటమ్మా?"

"మీరు తలుపులేశాక ఆయనకి రాత్రే కదా బాబూ."

అధికారి ముఖం పక్కకు తిప్పుకున్నాడు. "తొందరగా కానీ."

రువాన్ బొంత దులిపి పరిచింది. దిండు తట్టి సర్దింది. ముడతలు అరచేత్తో సాపుచేసింది. కంచు గిన్నెలో నీళ్లు పోసి మంచం పక్కన పెట్టి, గుమ్మం దాకా వచ్చి ఆగింది. రేపెవరు తెస్తారు? వెనక్కి వెళ్లి గిన్నె మీద మూత పెట్టింది. ఒంటిమీది అతుకుల చలిచొక్కా విప్పి, గిన్నె చుట్టూ చుట్టి, చొక్కా చేతులు రెండూ కలిపి ముడేసింది.

తలుపులకు మేకులు దిగాయి. పావ్‌నీ ఆమెనీ ఎక్కించుకుని బండి కదిలింది. ఏటి గాలి ఎముకలు కొరుకుతోంది.

"చొక్కా ఏదే?" అన్నాడు పావ్.

"అయ్యగారి దగ్గరుంది."

"మతిపోయింది నీకు." తన దుప్పటి సగం ఆమె మీద కప్పాడు.

"మా ఊళ్లో ఈపాటికి రేగుపళ్లు ఎండబెడుతూ ఉంటారు తాతా" అంటూ రువాన్ అతని భుజం మీదికి ఒరిగింది. బండి ఏరు దాటింది. పావ్ రెండుసార్లు పిలిచాడు. తర్వాత పిలవలేదు. మిగతా సగం దుప్పటి కూడా ఆమెకే కప్పాడు.

మేకులు కొట్టిన తలుపుల వెనక, పరిచిన పక్క దగ్గర, ముడేసిన పాత చొక్కాలో కంచు గిన్నె ఇంకా వెచ్చగానే ఉంది.