నల్ల పోతు దాచిన రంగు

రాచయ్య ఇంట్లో బాతు పోతు బతుకు ఏడాదే. కాస్త ఒళ్లు పట్టిందంటే చాలు, ఏదో ఒక దావత్‌లో కూరైపోవాల్సిందే. పెట్టలు గుడ్లు పెడతాయి, వాటిని ఉంచుకోవాలి. పోతులు మేత తిని కొవ్వెక్కుతాయి, వాటిని తినేయాలి. చింతకి ఊళ్లో నలభై ఏళ్లుగా కోళ్లూ బాతులూ పెంచిన మనిషి పెట్టిన కాయిదా అది. దాన్ని కాదనేవాళ్లు ఆ ఇంట్లో పుట్టలేదు. పుట్టలేదు సరే, కోడలై వచ్చింది.

ఆ కోడలు భాగ్యజ్యోతికి మస్కోవీ బాతులంటే ప్రాణం. ముఖం నిండా ఎర్రటి కండ, అరవడం చేతగాక బుసకొట్టే గొంతు! చూసినవాళ్లు మొహం చిట్లిస్తే చిట్లించనీ, ఆమెకు మాత్రం వాటి రంగులు చూస్తుంటే ఆకలి గుర్తుండదు. నల్లవి, తెల్లవి, మచ్చలవి, బూడిద నీలివి అన్నీ ఉన్నాయి. రెండు నీలి బాతులను జతచేస్తే అన్నీ నీలివే రావనీ, కొన్ని నల్లగా, కొన్ని వెండిలా పుడతాయనీ ఆ ఊళ్లో ఆమెకొక్కదానికే తెలుసు. ఆమె దగ్గర లేనిదల్లా చాక్లెట్ రంగు.

దానికోసం నిర్ణా ఊరి దాకా పోయింది. అక్కడ బాతులు పెంచే తబితను బతిమాలి ఒక చాక్లెట్ పెట్టను తెచ్చుకుంది. ఇంట్లో ఉన్న నల్ల పోతుతో జతకట్టించింది. పది పిల్లలు దిగాయి, పదీ నల్లవే. ఊరంతా నవ్వింది. పిల్లలు పెరిగి పెద్దవైనా ఆ నవ్వులు ఆగలేదు, అంతలో వీధికుక్క చాక్లెట్ పెట్టను పొట్టన పెట్టుకుంది. భాగ్యజ్యోతి రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు తబితకు ఫోన్ చేసి ఏడ్చింది.

“ఏడ్వకు పిల్లా, రంగు యాడికీ పోలే” అంది తబిత. “నీ నల్ల పోతుపిల్లలు ఉన్నయి గదా, తల్లి రంగు వాటి లోపల దాగుంటది. పైకి కానరాదు. పెట్టపిల్లలకైతే తల్లి నుంచి అది అందనే అందదు. ఆ పోతుకు పుట్టే పెట్టలల్ల బయటపడ్తది. పోతును కాపాడుకో.”

పోతును కాపాడుకోవడమట! ఆ పదింట్లో పోతులు నాలుగే. మూడు అప్పటికే రాచయ్య కాయిదా ప్రకారం దావత్‌లకు పోయాయి. మిగిలిన ఒక్కదానికి వేరే నల్ల పెట్టను జతచేసి, పన్నెండు గుడ్లు పొదగేసింది భాగ్యజ్యోతి. పిల్లలు దిగేదాకా ఆ పోతు జోలికి రావద్దని మామను అడిగింది. రాచయ్య సరేనన్నాడు. ఆయన లెక్కలో బాతు గుడ్డుకు ఇరవై ఎనిమిది రోజులు. ఆ ధీమాతోనే, చిన్ననాటి దోస్తు నర్సింహులుకు, అతని మనవరాలిని తొట్టెల్లో వేసే దావత్‌కు నల్ల పోతును ఇస్తానని మాట ఇచ్చేశాడు.

ఇరవై ఎనిమిది దాటింది. ముప్ఫై అయింది. ఒక్క గుడ్డూ పగల్లేదు. రాచయ్య గూటి ముందు గొంతుక్కూర్చుని, అన్నీ మురిగిపోయాయని తేల్చేశాడు.

“నలబై ఏండ్లసంది సూస్తున్న. బాతుకు ఇరవై ఎనిమిది దినాలే.”

“అవి అరిసే బాతులు మామా. ఇవి వేరే జాతి. ముప్పై అయిదు దినాలు పడ్తది” అంది భాగ్యజ్యోతి.

ఆ మాట మీద ఇల్లు రెండుగా చీలింది. ఆమె భర్త శ్రీశైల్ ఎటూ చెప్పకుండా కంది చేనుకు పోయి కూర్చున్నాడు. ఇంట్లో గొడవైన రోజున ఆ చేనులో అతనికి ఎక్కడలేని పని పుట్టుకొస్తుంది. భాగ్యజ్యోతి మామను ధాన్యం గదిలోకి పిలిచి, తలుపు మూసి, గుడ్డు కింద ఫోన్ లైటు వెలిగించింది. లోపల నల్లగా ఏదో కదిలింది. రాచయ్య చాలాసేపు చూశాడు. గుడ్లు పారేయవద్దులే అని గొణిగాడు. పోతు సంగతి మాత్రం ఎత్తనివ్వలేదు. ఇచ్చిన మాట ఇచ్చిందే. దావత్ ఆదివారం, గుడ్లకు ముప్ఫై అయిదో రోజూ ఆదివారమే.

ఆదివారం పొద్దున నర్సింహులు సంచీ, తాడూ పట్టుకుని వచ్చేసరికి ఆరు పిల్లలు ఆరిపోయి తల్లి రెక్కల కిందనుంచి తొంగిచూస్తున్నాయి. ఆరూ నలుపూ పసుపూ కలిసినవే. మరో మూడు అప్పుడే గుడ్డులోంచి బయటపడి తడిముద్దల్లా ఉన్నాయి. అవీ నల్లగానే కనిపించాయి. మిగతా మూడు గుడ్లు ఉలకలేదు. నర్సింహులు పోతు కాళ్లు కట్టేశాడు. అది బుసకొడుతుంటే భాగ్యజ్యోతి గూటి దగ్గరినుంచి పరుగున వచ్చింది. ఆ రంగును మోస్తున్నది ఇక అదొక్కటే. అది పోతే అంతా ఖతం.

“మామా, ఆ మూడింటిని ఆరనియ్యుండ్రి” అంది. “తడి మీద ఏ రంగైనా నల్లగనే కొడ్తది. ఒక్క గంట.”

వంటవాళ్లు ఎదురుచూస్తున్నారని నర్సింహులు గునిశాడు. రాచయ్య చాప తెచ్చి పరిచి, చాయ్ తాగి పొమ్మన్నాడు.

భాగ్యజ్యోతి మూడు పిల్లలనూ గుడ్డ పరిచిన బుట్టలో ఎండకు పెట్టింది. మొదటిది ఆరింది. నలుపే. నర్సింహులు చాయ్ ముగించి లేచాడు. రెండోదాని నూగు విచ్చుకుంటున్నకొద్దీ నలుపు విరిగి, అడుగున బెల్లం పాకం రంగు తేలింది. ఆమె కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. మూడోదీ అంతే! పెట్టో పోతో తేల్చుకోవడానికి వాటిని ఒక్కోదాన్నే వెల్లకిలా తిప్పి పరీక్షించింది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు.

“చాక్లెటే మామా. రెండూ పెట్టలే. తబితక్క చెప్పినట్టే అయింది.”

రాచయ్య ఒక పిల్లను అరచేతిలోకి తీసుకుని ఎండకు ఎత్తి చూశాడు. జాగ్రత్తగా బుట్టలో దించి, దోస్తు దగ్గరికి నడిచాడు.

“నర్సింహులు, నా జబాన్ నాకు వాపస్ ఇయ్యి.”

అరవై ఏళ్ల బతుకులో ఇచ్చిన మాట వెనక్కి ఇమ్మని ఆయన ఎవరినీ అడగలేదు. నర్సింహులు నోరు తెరిచేలోపే వంగి పోతు కాళ్ల తాడు విప్పేశాడు. తనకు తప్ప ఎవరికీ పట్టుబడని ఎర్ర కోడిపుంజునూ, ఇంకో రెండు కోళ్లనూ తానే పట్టి సంచీలో వేశాడు. నర్సింహులు సంచీ బరువు చూసుకుని నవ్వాడు. బుట్ట మీదికి వంగి, ఆ రంగుది పెద్దయ్యాక తనకూ ఒకటి కావాలన్నాడు.

“నన్నెందుకు అడుగుతవ్?” అని రాచయ్య కోడలి వైపు చెయ్యి చూపించాడు. “గీ ఇంట్ల ఏ బాతు ఉండాలె, ఏది పోవాలె, ఇగ చెప్పేది ఆమెనే.”