సొరపన్ను మీద గుంట

చిలకలపూడిలో కవరింగ్ నగలు చేసే తాతారావు చేతికి ఏ వస్తువు వచ్చినా నిమిషంలో దాని జాతకం చెప్పేస్తాడు. అలాంటివాడు, గుడివాడ నుంచి వచ్చిన గాయత్రి బల్ల మీద పెట్టిన నల్లటి ముక్కను చూసి తెల్లమొహం వేశాడు. రాయి అందామంటే పన్నులా ఉంది, పన్ను అందామంటే రాయంత బరువుంది.

"సొరచేప పన్నేనండీ. లక్షల ఏళ్ళు మట్టిలో ఉండి రాయైపోయింది," అంది గాయత్రి. "నాన్నగారు సముద్రంలో ఇసుక తవ్వే ఓడ మీద పనిచేసేటప్పుడు దొరికిందంట. పోయిన ఏడాది ఆయన పోయారు. ఆయన వస్తువంటూ ఇదొక్కటే మిగిలింది. మెళ్ళో వేసుకునేలా చేసి పెట్టండి."

"పులిగోరుకి వేసినట్టు తొడుగు వేస్తానమ్మా. నిశ్చింతగా వెళ్ళి రండి."

ఆమె అటు బస్సెక్కిందో లేదో, ఇటు మన తాతారావు పనిలో పడ్డాడు. నున్నటి మొన బాగానే ఉంది. మొదలే గరుకుగా, వెనకవైపు ఒక గుంటతో అసహ్యంగా కనిపించింది. గట్టిపడిన బురద కాబోలు అనుకున్నాడు. పులిగోరుకి అంటుకున్న చెత్త గీసేశాకే తొడుగు కూర్చోబెట్టాలని అతనికి తాత నేర్పాడు. ఆకురాయి తీసి, ముందు ఆ గుంట దగ్గరే పట్టి అరగదీశాడు. ఎంత గీసినా లోపల అదే బురద. ఇదెక్కడి బురదరా నాయనా అని అనుమానం వచ్చేసరికి మొన ఒక్కటే మిగిలింది.

మర్నాడు దాన్ని జేబులో వేసుకుని గిలకలదిండి వెళ్ళాడు. వేటకు వెళ్ళే హనోకు ఇంటి చూరుకి ఎండిన సొర దవడ ఒకటి వేలాడుతుంటుంది. హనోకు దాన్ని దించి పక్కన పెట్టి, తాతారావు తెచ్చిన ముక్కను తిప్పి తిప్పి చూశాడు.

"నా సొర పన్ను గోరంత. నీది అరచెయ్యంత ఉందే బావా. దీని తాలూకు సొర ఉంటే మా పడవని పకోడీలా నమిలేసిద్ది," అని నవ్వి, దవడలోంచి ఒక పన్ను పీకి చూపించాడు. "దీనికి గరుకుగా ఉన్న మొదలు చూశావా? చిగుర్లో దిగేది అదే. నీ దానికేదీ?"

తాను బురదనుకుని గీసేసింది ఆ మొదలేనని తాతారావుకి అర్థమైంది. "పన్ను పాడైపోతే సొర ఏం చేసిద్దిరా?"

"ఏం చేసిద్ది? ఊడగొట్టుకుంటది. వెనక వరసలు బోలెడున్నాయి. ఒకటి పోతే ఇంకోటి ముందుకొచ్చిద్ది."

సొరకి బోలెడుంటే ఉండనీ, ఆ అమ్మాయికి ఉన్నది ఒక్కటే కదా. ఇంటికొచ్చి తొడుగైతే వేశాడు. తొడుగు కింద మొదలుందో లేదో ఎవరికి తెలుస్తుంది? చెప్పాలా, ఊరుకోవాలా? గాయత్రి వచ్చేదాకా ఎటూ తేల్చుకోలేకపోయాడు.

ఆమె దాన్ని చేతిలోకి తీసుకోగానే బొటనవేలు దానంతటదే వెనక్కి వెళ్ళి తడుముకుంది.

"గుంటేదండీ?"

ఇక దాచడం తాతారావు వల్ల కాలేదు. జరిగిందంతా చెప్పేశాడు. గాయత్రి తిట్టలేదు. తిడితే బాగుండునని అతనికి అనిపించింది.

"నాన్నగారు టీవీ చూస్తున్నా, ఫోన్లో మాట్లాడుతున్నా దీన్ని రుద్దుతూనే ఉండేవారండీ. రుద్ది రుద్ది పడిన గుంట అది," అంది.

తాతారావు లేచి మూలనున్న పళ్ళెం తెచ్చాడు. కంసాలి పని చేసేవాడు ఆకురాయి పొడిని ఊదెయ్యడు. బంగారం ఉన్నా లేకపోయినా పళ్ళెంలోకి దులపడం చేతికి అలవాటు. పన్ను గీసినప్పుడు రాలిన ఆ నల్లటి పొడినంతా కరిగిన లక్కలో కలిపాడు. తొడుగు వెనక రేకు విప్పి, అందులో లక్క నింపాడు.

"మెత్తగా ఉందమ్మా. కాలకుండా వేలు తడి చేసుకుని నొక్కండి. గుంట పడుతుంది."

ఆమె వేలు తడి చేసుకుంది, లక్క దాకా తెచ్చింది, వెనక్కి తీసేసుకుంది.

"నాది చిన్న వేలండీ. నాన్నగారి వేలు మీ వేలంత ఉండేది. మీరు నొక్కండి."

తాతారావు ఆమె మొహంలోకి చూశాడు. క్షమించిందా, శిక్ష వేసిందా? ఎంత చూసినా తెలియలేదు. లక్క గట్టిపడిపోతోంది. వేలు తడి చేసుకుని నొక్కాడు.

"చల్లారేదాకా తియ్యకండి," అంది గాయత్రి.